గంజి చీర చప్పుడు

మా ఆయనకు గంజి పెట్టిన చీర చప్పుడంటే మోహం. ఇష్టం కాదు, మోహమే. మాట మార్చి చెప్పడం నాకు చేతకాదు. హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పేదాన్ని, పూల గురించి ఎంత మామూలుగా చెబుతానో మనుషుల గురించీ అంతే మామూలుగా చెబుతాను. నూలు చీరను గంజిలో ముంచి, నీడన ఆరేసి, ఇస్త్రీ చేసి కట్టుకుని నడిస్తే కుచ్చిళ్ళు పెళపెళమంటాయి కదా, ఆ చప్పుడు వింటే ఆయన చేతిలో ఉన్న పని చేతిలోనే ఉండిపోతుంది. ఆ చప్పుడు లేకపోతే నేను పక్కన ఉన్నా ఒకటే, పక్కింట్లో ఉన్నా ఒకటే. ఇంతకంటే వివరంగా చెప్పను. పెళ్ళైనవాళ్ళకు చెప్పక్కర్లేదు కూడా.

ఇది ఇంత ధీమాగా చెప్పుకోగలుగుతున్నానంటే అది డాక్టర్ హేమనళిని చలవ. మా సంసారాన్ని ముంచిందీ ఆవిడే, ఒడ్డున పడేసిందీ ఆవిడే. ఒడ్డున పడేసినందుకు రోజూ మనసులో దండం పెట్టుకుంటాను. నిజానికి ముంచినందుకు కూడా పెట్టుకోవాలి. ఆవిడ ముంచకపోతే నా గురించి నాకే ఒక సంగతి ఎప్పటికీ తెలిసేది కాదు.

మా ఆయన పేరు నూకరాజు. కాకినాడలో చీరలకు గంజి పెట్టి రోలింగ్ చేసే కొట్టు మాది, మా మామగారి నాటిది. ఊళ్ళో నూలు చీరలు కట్టే టీచర్లు, లెక్చరర్లు, నర్సులు అందరూ మా కొట్టుకే వస్తారు. మిగతా కొట్లవాళ్ళు గంజి పాళ్ళు గిన్నెతో కొలుస్తారు. ఈయన కొలవడు. చీర చెంగు చెవి దగ్గర పట్టుకుని ఒక్కసారి విదిలిస్తాడు, కళ్ళు మూసుకుని వింటాడు, 'ఇంకొంచెం పట్టాలి' అంటాడు. అంతే. మంగళగిరి చీరకు ఒక రకం గంజి, వెంకటగిరి చీరకు ఒక రకం. ఏ చీర ఎలా పలకాలో ఆయన చెవికి తెలుసు.

పెళ్ళైన కొత్తలో నాకు ఇవేవీ తెలియవు. పట్టు చీరలు మార్చి మార్చి కట్టుకునేదాన్ని. ఈయన మర్యాదగా మాట్లాడేవాడు, మంచినీళ్ళు కావాలా అని అడిగేవాడు, పేపరు తెరిచి కూర్చునేవాడు. నేను నల్లగా ఉన్నానని నచ్చలేదేమో అనుకుని లోలోపల కుమిలిపోయాను. సెలవు అయిపోయి బడికి వెళ్ళే రోజు గంజి పెట్టిన మంగళగిరి చీర కట్టుకుని గదిలోంచి బయటికొచ్చాను. మనిషి పేపరు పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు. ఆ రోజు బడికి ఆలస్యంగా వెళ్ళాను.

చాలా నెలల తర్వాత తల దించుకుని అసలు సంగతి చెప్పాడు. "ఇది పాడు బుద్ధి కదా మాణిక్యం?" అన్నాడు. నేను నవ్వాను. నవ్వి, మర్నాటి నుంచి ఇంట్లో కట్టుకునే చీరలకు కూడా గంజి పెట్టడం మొదలుపెట్టాను. చుట్టుపక్కలవాళ్ళు టీచరమ్మకు ఎంత దర్జా అనుకునేవారు. అనుకోనిచ్చాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆదివారం పూట పెరట్లో గంజి కాస్తూ నేను "నా ఖర్మ" అనేదాన్ని. "ఏ జన్మలో చేసుకున్న పాపమో, ఈ గంజి గిన్నెతో కాపరం చేస్తున్నాను" అనేదాన్ని. అది మా వైపు ఆడవాళ్ళ నోటి అలవాటు. మా అమ్మ కాఫీ కలుపుతూ అనేది. మా అత్తగారు పూలు కడుతూ అనేవారు. ఇష్టమైన పని చేసేటప్పుడే అలా అంటాం. సంతోషంగా ఉన్నామని పైకి అంటే దిష్టి తగులుతుందని భయం కాబోలు. పండగ పూట పాయసం గిన్నె దించుతూ కూడా మా ఇళ్ళల్లో ఎవరో ఒకరు ఖర్మ అని తీరుతారు. ఆ మాటను ఆయన నిజమనుకుంటున్నాడని నాకు తోచనే లేదు.

ఒకసారి మా తమ్ముడు భాస్కరం కొట్టుకు వెళ్ళాడు. ఈయన ఎవరిదో చీర చెంగు చెవి దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుని ఉన్నాడట. వాడు ఇంటికొచ్చి, భోజనాల దగ్గర అందరి ముందూ, "బావకి ఆడవాళ్ళక్కర్లేదక్కా, చీరలుంటే చాలు" అన్నాడు. అందరూ నవ్వారు. ఈయనా నవ్వాడు. కానీ విస్తట్లో మజ్జిగ అన్నం అలాగే వదిలేసి లేచాడు.

ఆ ఏడాదే బీచ్ రోడ్డులో వాంఛా చికిత్సాలయం తెరిచారు. పేరు చూసి నవ్వినవాళ్ళే మాటుగా వెళ్ళి వచ్చేవారు. అక్కడొక యంత్రం ఉందని, కోరిక వేరు ఎక్కడుందో పట్టుకుని చల్లారుస్తుందని చెప్పుకునేవారు. సుద్దముక్కలు తినే ఒకావిడ మానేసింది. తలుపు తాళం పదే పదే లాగి చూసుకునే ఒకాయన హాయిగా తిరుపతి వెళ్ళొచ్చాడు. వీటన్నిటినీ మా ఆయన శ్రద్ధగా విన్నాడు.

"రేపు బీచ్ రోడ్డుకి వెళ్తన్నాను మాణిక్యం. నువ్వూ రా" అన్నాడు ఒక రోజు, అన్నం తింటూ.

"ఎందుకండీ?"

"ఇది తీయించేసుకుంటాను."

"నాకు లేని ఇబ్బంది మీకెందుకు?"

"నువ్వు భరిస్తన్నావు. భరించడం వేరు, ఇబ్బంది లేకపోవడం వేరు."

అప్పుడే గట్టిగా చెప్పి ఉండాల్సింది, నాకూ ఇష్టమేనని. కానీ ఇష్టమని నాకే తెలియదు. ఆయన కోసం చేస్తున్నానని, మంచి భార్యనని అనుకుంటూ ఉన్నాను. మీ ఇష్టం అనేశాను.

డాక్టర్ హేమనళిని నా ఈడు మనిషే. పొట్టిగా, చిన్న జడతో, చూస్తే మా బళ్ళో లెక్కల టీచరులా ఉన్నారు. మనోవిశ్లేషణ చదివారట. యంత్రం కూడా ఆవిడ ఆలోచనేనట. తెల్లటి గది, ఒక వాలు మంచం, ఎదురుగా గోడంత అద్దం. మా ఆయన తలకు సన్నటి తీగలతో అల్లిన టోపీ తొడిగారు. నన్ను మూలన కుర్చీలో కూర్చోబెట్టారు.

"మనసులో ఏదొస్తే అది చెప్పండి నూకరాజుగారూ. సిగ్గేసినా పర్లేదు, ఆపకండి" అన్నారు డాక్టరుగారు.

ఆయన మొదలుపెట్టాడు. గంజి, సగ్గుబియ్యం, కొట్టు, నాన్న, రోలింగ్ మిషను. అన్న ప్రతి మాటా అద్దం మీద అక్షరాలై నిలిచింది. ఏ మాట దగ్గర ఆయన మనసు వేడెక్కుతోందో టోపీ కనిపెట్టి, ఆ మాట నుంచి ఎర్రటి దారం ఒకటి గీస్తోంది. గీసిన దారాలన్నీ అద్దంలో కింద మూలకు పోతున్నాయి. ఆ మూల మాత్రం ఏ మాటా లేదు, ఖాళీ.

ఆయన ఆగిపోయాడు. డాక్టరుగారు తొందరపెట్టలేదు.

"అమ్మకి జ్వరం" అన్నాడు చివరికి. ఆ మాట వెళ్ళి సరిగ్గా ఖాళీ చోట కూర్చుంది.

"అప్పుడు బాగా చిన్నోణ్ణండి. అమ్మకి విషజ్వరం వచ్చింది. మెత్తటి పాత చీరలో చుట్టేసి పడుకోబెట్టేసేరు. అటు తిరిగినా ఇటు తిరిగినా చప్పుడుండేది కాదు. ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడేవారు కాదు. నాకు అన్నం దిగేది కాదండి, పెద్దమ్మ తినిపిస్తే కక్కేసేవోణ్ణి. ఓ రోజు పొద్దున్నే పెరటేపు నుంచి పెళపెళమని చప్పుడొచ్చింది. అమ్మ లేచింది. నీళ్ళోసుకుని గంజి చీర కట్టుకుంది." ఆగాడు. "నాకు ఆకలేసిందండి. అంతే."

అద్దం మీద ఆ మూలన ముడి పడింది. అంత పెద్ద ముడి డాక్టరుగారు ఎప్పుడూ చూడలేదట, ఆ సంగతి తర్వాత చెప్పారు. ఆకలి, పని, పాటలు, కొట్టు, నేను, అన్ని దారాలూ వచ్చి దాన్లోనే చిక్కుకున్నాయి.

ఆవిడ నా వైపు తిరిగారు. "పుస్తకాల్లో దీన్ని వైపరీత్యం అంటారు మాణిక్యంగారూ. కోరిక మనిషి మీద వాలకుండా వస్తువు మీద వాలిందని. కానీ అవే పుస్తకాల్లో ఇంకో మాట కూడా ఉంది. పసిమనసు భయాన్ని తట్టుకోలేక తనకి తను వేసుకున్న కట్టు అని. కట్టు విప్పితే కింద గాయం మానిందో లేదో ముందుగా చెప్పలేం. ఇంత ముడి నేనెప్పుడూ విప్పలేదు."

"విప్పేయండి" అన్నాడు ఆయన మంచం మీది నుంచే.

"ఎవరి కోసం?"

"నా కోసమేనండి."

ఆ మాట అన్నప్పుడు అద్దం మీద నా పేరు ఎర్రగా మెరిసింది. అది నేను చూడలేదు, ఆయన ముఖం చూస్తున్నాను. డాక్టరుగారు ముడి వైపు చూస్తున్నారు. ఆ పూట యంత్రం ఒక్కటే సరిగ్గా చూసింది.

చల్లార్చడానికి పెద్ద సమయం పట్టలేదు. దారాలు ఒక్కొక్కటే రంగు తగ్గి బూడిద రంగుకు తిరిగాయి. ముడి వదులై విడిపోయింది. ఆయన లేచి కూర్చుని, "తేలిగ్గా ఉందండి" అన్నాడు. ఇద్దరం రిక్షాలో ఇంటికొచ్చాం.

మొదట్లో నిజంగానే తేలిగ్గా ఉంది. ఆయన ముఖంలో ఆ సిగ్గు, ఆ దొంగచూపు పోయాయి. భాస్కరం వచ్చి వేళాకోళం ఆడితే ప్రశాంతంగా విన్నాడు. నేను మెత్తటి వాయిల్ చీరలు కట్టుకుని, గంజి గిన్నె అటక మీద పెట్టేసి, ఆదివారాలు నిద్రపోయాను.

తర్వాత్తర్వాత ఒక్కొక్కటే కనిపించడం మొదలైంది. మా ఆయన కూరలో ఉప్పు తక్కువైతే ఇల్లు పీకి పందిరి వేసే మనిషి. ఒకనాడు ఉప్పు వేయడమే మర్చిపోయాను. మాట్లాడకుండా తినేశాడు. ఆవకాయ జాడీ ఎదురుగా పెడితే వేసుకున్నాడు, పెట్టకపోతే అడగలేదు. పాత పాటలు రేడియోలో వస్తుంటే శబ్దం పెంచేవాడు, ఇప్పుడు వస్తున్నా రాకపోయినా ఒకటే. బడి నుంచి ఆలస్యంగా వస్తే ఎందుకు ఆలస్యమని అడగలేదు.

కొట్టులో గంజి గిన్నెతో కొలవడం మొదలుపెట్టాడు. కొలత తప్పేది కాదు, చీరలు బాగానే వచ్చేవి. కానీ ఆయన చీర విదిలించి పక్కన పనిచేసే అతన్ని "సరిపోయిందంటావా?" అని అడుగుతుంటే నేను చూశాను. ఆ చెవి ఏమైంది అని అడిగితే, "వినపడతానే ఉంది మాణిక్యం. బాగుందో బాగాలేదో తెలీటం లేదు" అన్నాడు.

"బాధగా ఉందాండీ?"

"లేదే" అన్నాడు. అబద్ధం చెప్పలేదు. నిజంగానే లేదు. మనిషికి బాధ పడాలని కూడా లేదు.

ఒక సాయంత్రం ఉండబట్టలేక అటక మీది గిన్నె దించాను. దగ్గరుండి గంజి పెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేసి, వెంకటగిరి చీర కట్టుకుని ఆయన ముందు నడిచాను. కుచ్చిళ్ళు ఎలా పలకాలో అలాగే పలికాయి. ఆయన తలెత్తి చూశాడు.

"ఎక్కడికైనా వెళ్తన్నావా?" అన్నాడు.

వంటింట్లోకి వెళ్ళి కూర్చుని ఏడ్చాను. మొగుడు పోయినవాళ్ళకు నలుగురూ వచ్చి ఓదారుస్తారు. నా మొగుడు ముందు గదిలో కూర్చుని ఉన్నాడు, నేనెవరికి చెప్పుకోను?

మళ్ళీ బీచ్ రోడ్డుకు వెళ్ళాం. నేను తీసుకెళ్ళానంటే సరిగ్గా ఉంటుంది, ఆయన వచ్చాడు. డాక్టరుగారు అంతా విని కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"తప్పు నాదే మాణిక్యంగారూ. ముడి పక్కన ఉన్న దారాలన్నీ ముడితోనే బతుకుతున్నాయని చూస్తూ కూడా విప్పేశాను. ఆయన నా కోసమే అన్నప్పుడు అద్దం మీద మీ పేరు వెలిగింది. ఆ రోజు ముడి మీదే కళ్ళుండిపోయి గమనించలేదు. మొన్న ఆ రోజు అద్దం మీద గీసినవన్నీ మళ్ళీ పెట్టి చూస్తే కనిపించింది." ఇంత పెద్ద డాక్టరు ఇలా ఒప్పుకుంటారని నేననుకోలేదు. తిట్టడానికి ఇంటి దగ్గర కూర్చుకున్న మాటలన్నీ ఎటో పోయాయి.

"మళ్ళీ ముడి వేసేయండి."

"వేయొచ్చు. ఆ ముడి ఎలా ఉండేదో యంత్రం దగ్గర ఉంది. కానీ పట్టుకోవడానికి ఒక కొస కావాలి. ఆయనలో ఏదో ఒక కోరిక, ఎంత చిన్నదైనా సరే, ఉండాలి. దాన్ని పట్టుకుని లాగితే మిగతావి వస్తాయి. అసలేమీ లేకపోతే యంత్రానికి పట్టు దొరకదు." ఆవిడ ఆయన తలకు టోపీ తొడిగి అడిగారు. "నూకరాజుగారూ, మీ పాత కోరిక మీకు మళ్ళీ కావాలా?"

"ఈవిడకి కావాలంటండి."

"మీకు?"

"నాకేం ఇబ్బంది లేదండి. వేసేయండి."

"ఇబ్బంది లేకపోవడం కాదు. కావాలా?"

ఆయన నిజాయితీగా ఆలోచించాడు. పాపం, నా కోసం అబద్ధమాడటానికి కూడా ప్రయత్నించాడు. "కావాలి" అన్నాడు. అద్దం మీద ఆ మాట నిలిచింది, దారం మాత్రం పుట్టలేదు.

ఆ తర్వాత వారం వారం వెళ్ళాం. పనసతొనలు తెచ్చి ముందు పెట్టారు, పాటలు వినిపించారు, వాళ్ళమ్మ ఫొటో చూపించారు, రోలింగ్ మిషను చప్పుడు వినిపించారు. ఆయన అన్నిటికీ సమాధానం చెప్పేవాడు. అద్దం మీద మాటలు వచ్చేవి, ఒక్క దారం వచ్చేది కాదు. కోరిక కావాలంటే ముందు కోరిక ఉండాలట. ఇదేం తిరకాసు అని నాకు ఒళ్ళు మండిపోయేది.

ఒక రోజు డాక్టరుగారు టోపీ పక్కన పెట్టేసి నన్ను అడిగారు. "మీకేం కావాలి మాణిక్యంగారూ?"

"ఆయన మునుపటిలా అవాలి."

"అది ఆయన సంగతి. మీకు?"

"నాకేం కోరికలుంటాయండీ, ఈ వయసులో."

ఆవిడ ఏమనుకున్నారో, "ఒక్కసారి మీరు పడుకోండి" అని టోపీ తెచ్చి నా తలకు తొడిగారు. ఆయన్ను నా కుర్చీలో కూర్చోబెట్టారు. "ఆయన కళ్ళ ముందే, మీకు అభ్యంతరం లేకపోతేనే" అన్నారు. అద్దం మీద ఏముంటుందిలే, కూరగాయల ధరలూ పరీక్ష పేపర్లూ తప్ప అనుకుని సరేనన్నాను.

బడి గురించి చెప్పాను, పిల్లల గురించి చెప్పాను. దారాలు పుట్టాయి కానీ సన్నగా ఉన్నాయి. తర్వాత విసుగొచ్చి, "ఆదివారాలు ఏం చేయాలో తోచట్లేదు, గంజి కాచే పని కూడా లేదు" అన్నాను.

గంజి అన్న మాట దగ్గర అద్దం మీద ఇంత లావు దారం లేచింది.

నేను ఆగిపోయాను. "ఆపకండి" అన్నారు డాక్టరుగారు మెల్లగా.

"ఆదివారం పొద్దున్నే కాచేదాన్ని. ఆవిరి ముఖానికి కొట్టేది. చేతులు జిగురుజిగురుగా అయ్యేవి. ఈయన పెరటి గుమ్మంలో పేపరు పట్టుకుని కూర్చునేవారు. చదివేవారు కాదు, ఎప్పుడూ అదే పేజీ. నాకు తెలుసు." నా నోరు నా మాట వినడం మానేసింది. "చీర కట్టుకున్నాక వంటింట్లోకీ బయటికీ ఊరికే తిరిగేదాన్ని. ఉప్పు డబ్బా కోసం అని ఒకసారి, మూత పెట్టలేదని ఇంకోసారి. ఉప్పు డబ్బా నా చేతిలోనే ఉండేది. బళ్ళో కూడా వరండాలో ఆ చప్పుడుతో నడుస్తుంటే, దీన్ని వినే మనిషి ఒకడున్నాడు, ఇంటికెళ్తే వింటాడు అనిపించేది. ఇప్పుడు నడుస్తుంటే నాకే నా చప్పుడు వినపడట్లేదు."

కళ్ళు తెరిస్తే అద్దం నిండా ఎరుపే. ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఇన్నేళ్ళూ ఆయన వింత కోరికను నేనేదో పెద్ద మనసుతో మోస్తున్నాననుకున్నాను. అది ఎప్పుడు నాదైపోయిందో నాకే తెలియదు. బీరతీగ పందిరి ఎక్కాక ఈ ఎత్తు నీదా పందిరిదా అని ఏ మాస్టరూ అడగడు, నేనూ ఎప్పుడూ అడగలేదు.

మా ఆయన కుర్చీలోంచి లేచాడు. అద్దం దగ్గరికి వెళ్ళి ఒక దారం మీద వేలు పెట్టాడు.

"ఇదెవరిది?"

"నాదే" అన్నాను.

"నీదేంటి? నువ్వు 'నా ఖర్మ' అనేదానివి కదా."

"అంటాం. మీ అమ్మగారు అనేవారు కాదా?"

ఆయన కాసేపు గుర్తు చేసుకున్నాడు. "అనేది. పూలు కడతా అనేది."

"ఆవిడకి పూలంటే పడదా?"

"పూలంటే ప్రాణం అమ్మకి" అని అక్కడే ఆగిపోయాడు. అద్దం వైపు చూశాడు, నా వైపు చూశాడు. "అంటే నువ్వు భరించలేదా ఇన్నాళ్ళూ?"

"భరించడానికి అందులో ఏముందండీ? హాయిగా ఉండేది."

ఆయన చాలాసేపు నిలబడే ఉన్నాడు. ఆ నిలబడటంలో తేడా ఏమీ కనిపించక, ఈ వారం కూడా ఇంతే అనుకుని టోపీ తీయబోయాను.

"ఆ ఉప్పు డబ్బా సంగతి ఇంకోసారి చెప్పు" అన్నాడు.

డాక్టరుగారు కుర్చీలోంచి లేచారు. "ఏమన్నారు నూకరాజుగారూ?"

"ఇంకోసారి చెప్పమన్నానండి."

"ఎందుకు?"

ఇదేం ప్రశ్న అన్నట్టు చూశాడు. "వినాలనుంది."

ఆవిడ గబగబా టోపీ నా తల మీది నుంచి తీసి ఆయనకు తొడిగారు. అద్దం మీద వినాలి అన్న ఒక్క మాట, దాని నుంచి వెంట్రుకంత దారం. ఎర్రగానే ఉంది. మేము ముగ్గురం దాన్నే చూస్తూ ఉండిపోయాం. నాకైతే ప్రాణం లేచొచ్చింది.

"ఇది పాత ముడిలోది కాదు" అన్నారు డాక్టరుగారు. "ఇప్పుడే పుట్టింది. ఆవిడ కోరికను చూసి మీకు పుట్టింది. మొదటి కోరికలు ఎవరికైనా ఇలాగే పుడతాయి, ఎదుటి మనిషి కళ్ళల్లో చూసి. దీన్ని పట్టుకుని పాత ముడి వేయగలను. వేయనా?"

ఆయన వెంటనే ఔననలేదు. "ఆ జ్వరం నాటి భయం కూడా తిరిగొస్తాదా అండి?"

"వస్తుంది. అది లేకుండా ఇది రాదు."

"అయితే రానివ్వండి" అన్నాడు. "అప్పుడే కదండీ ఆకలేసింది."

ఆ భయం వచ్చింది. ఇప్పటికీ ఎప్పుడైనా నాకు ఒళ్ళు వెచ్చబడితే ఆయన మంచం పక్కన కూర్చుని గంటగంటకూ లేపుతాడు, పసిపిల్లాడిలా బెంగ పెట్టుకుంటాడు. మునుపు ఇంతగా ఉండేది కాదు. ఒకసారి విప్పి వేసిన ముడి మొదటి దానంత గట్టిగా ఉండదని డాక్టరుగారు చెప్పారు, భయం అందులోంచి తేలిగ్గా బయటికొస్తుందట. మేమిద్దరం చెల్లించుకున్న మూల్యం అది. నేను కాదనను. లేపినప్పుడల్లా లేచి, ఉన్నానని చెబుతాను.

డాక్టర్ హేమనళిని ఆ తర్వాత చల్లార్చడం మానేశారు. మరీ ఎదుటివాళ్ళకు హాని చేసే కోరికలైతే ఏం చేయాలో ఆవిడ ఇంకా ఆలోచిస్తున్నారు, తేలిగ్గా తేలే సంగతి కాదంటారు. మాలాంటివాళ్ళు వస్తే మాత్రం ఆలుమగల్ని ఇద్దర్నీ కూర్చోబెట్టి అద్దం చూపిస్తారు. దాంతో ఊళ్ళో సగం తగవులు తగ్గాయి, మిగతా సగం పెరిగాయి. పుస్తకం కూడా రాస్తున్నారట, వైపరీత్యం అన్న మాట వాడకుండా రాయడం కష్టంగా ఉందని మొన్న కొట్టుకు వచ్చినప్పుడు చెప్పారు. తన తప్పును తన నోటితో ఒప్పుకుని, వారం వారం మా కోసం ఆ అద్దం ముందు కూర్చున్న మనిషి ఆవిడ. చీరలు తెచ్చారు. మా ఆయన చెంగు విదిలించి విని, "మీకు గంజి ఎక్కువ పడదండి, పల్చగానే బాగుంటాది" అన్నాడు.

ముడి వేసిన రోజు సంగతి చెప్పి ముగిస్తాను. పని చేసిందో లేదో ఇంటికి వెళ్ళాక గానీ తెలియదని, కొన్నాళ్ళు పట్టవచ్చని డాక్టరుగారు ముందే చెప్పి పంపారు. బయటికొచ్చాం, సిటీ బస్సు ఎక్కాం. ఎండ పేలిపోతోంది. నేను కిటికీ పక్కన కూర్చున్నాను. ఆ మధ్యంతా ఆయన బస్సులో ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ కూర్చునేవాడు, ఖాళీ లేకపోతే నిలబడేవాడు, ఎవరైనా లెమ్మంటే లేచేవాడు. ఆ రోజు నా పక్కన కూర్చున్నాడు. బస్సు కదిలింది. కాసేపు అటూ ఇటూ కదిలాడు.

"నువ్విటు జరుగు మాణిక్యం. కిటికీ పక్కన నేను కూచుంటాను" అన్నాడు.

నాకు సరిగ్గా వినపడిందో లేదో అనుమానం వచ్చింది. "నేను ముందెక్కానండీ" అన్నాను.

"ఎక్కితే ఎక్కేవులే. ఉక్కగా ఉంది. నాకు గాలి కావాలి, జరుగు."

జరిగాను. జన్మలో ఎవరికీ అంత సంతోషంగా చోటిచ్చి ఉండను. ఆయన నా మోకాళ్ళు తొక్కుకుంటూ వెళ్ళి కిటికీ పక్కన కూర్చుని, తల బయటికి పెట్టినంత పని చేసి, గాలి మొత్తం తనే తీసుకున్నాడు. నేను కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాను. ముందు సీట్లో పెద్దావిడ వెనక్కి తిరిగి చూసింది.

"ఏంటమ్మా, ఆయనేవైనా అన్నారా?"

"అన్నారండి" అన్నాను. "కిటికీ సీటు కావాలన్నారు."